కింద కప్ప, పై కప్ప

నోటీసు బోర్డు ముందు నలుగురు గుమిగూడి ఉంటే, ఎవరికో బదిలీ అయిందనుకుని సీసాలమ్మ కూడా ఆగింది. చేతిలో ఐదు లీటర్ల స్పిరిటు డబ్బా. దాన్ని కింద పెట్టకుండానే తలెత్తి చదివింది. మ్యూజియం డైరెక్టరుగారు కొత్త జాతి కప్పను కనిపెట్టారట. దానికి తన భార్య పేరు పెట్టారట. ముప్పయ్యో పెళ్ళిరోజు కానుకట. ఆ ముక్కల కింద కప్ప ఫొటో, ఫొటో పక్కన ఒక పేరున్న పత్రికలో అచ్చయిన తొమ్మిది పేజీల వ్యాసం, పేజీకో పిన్ను గుచ్చి పెట్టారు.

"ఎంత అదృష్టవంతురాలో ఆవిడ," అన్నాడు గుమస్తా.

"నీ పేరు బల్లికి పెడతారేమో చూడు," అన్నాడు ఇంకొకడు. అందరూ నవ్వారు.

సీసాలమ్మ నవ్వలేదు. ఆమె మూడో పేజీ దగ్గర ఆగిపోయింది. అక్కడ ముప్పయ్యొక్క కప్పల కొలతల పట్టిక ఉంది. ఒళ్ళు ఎంత పొడుగు, తల ఎంత వెడల్పు, మోకాలి నుంచి మడమ దాకా ఎంత. అంకెలు అచ్చులో ఉన్నా ఆమెకి అవి సొంత చేతిరాతలా కనిపించాయి. పదిహేడో వరస చూసింది. మోకాలి నుంచి మడమ దాకా 12.7 మిల్లీమీటర్లు. అంత పొట్టి కాలున్న కప్ప ఆ కొండ మీద లేదు. పదకొండేళ్ళ క్రితం 17.2 అని రాయబోయి, నిద్రమత్తులో ఆమే అంకెలు తారుమారు చేసింది. తప్పు తర్వాత గుర్తొచ్చింది గానీ అప్పటికి నోట్‌బుక్ ఆమె చేతిలో లేదు. పట్టికతో పాటు ఆ తప్పు కూడా అలాగే ఎక్కిపోయింది. ఎత్తుకుపోయినవాడు కనీసం సరిచూసుకోనైనా లేదు.

చివరి పేజీలో కృతజ్ఞతలు చదివింది. భార్యకి, డ్రైవరుకి, గెస్ట్‌హౌస్ వంటమనిషికి, కెమెరా అరువిచ్చిన బావమరిదికి. ఆఖర్న, "మ్యూజియం సిబ్బందికి."

డబ్బా పిడి అరచేతిలో ఎర్రటి గీత వేసేదాకా ఆమె అక్కడే నిలబడింది.

ఆమె ఆ మ్యూజియంలో నమూనాల గది చూసుకునే మనిషి. పదకొండు వేల సీసాలు. కప్పలు, పాములు, బల్లులు, చేపలు, అన్నీ స్పిరిటులో. ఏ సీసాలో స్పిరిటు తగ్గిందో, ఏ మూత వదులైందో, ఏ చీటీ మీద సిరా వెలిసిపోతోందో ఇరవైనాలుగేళ్ళుగా ఆమే చూస్తోంది. అసలు పేరు జీతాల రిజిస్టరులో ఉంది. అందరూ పిలిచేది సీసాలమ్మ అనే. ముఖం మీద పిలిచినా ఆమె ఏమీ అనుకోదు. ఇంటికొచ్చాక కూడా చీరకి స్పిరిటు వాసన వస్తోందని భర్త ఆటపట్టించినా అనుకోదు. నోట్లో నాలుక లేని మనిషని ఆఫీసులో పేరు.

పద్నాలుగేళ్ళ క్రితం వానాకాలంలో సర్వేకి అందరితో పాటు ఆమెనీ కొండకి తీసుకెళ్ళారు. బృందంలో ఆడమనిషి ఆమె ఒక్కతే. కింద గెస్ట్‌హౌస్‌లో మీకు గది లేదన్నారు. ఇంకో గంట ఎక్కితే నీళ్ళ ట్యాంకు ఉంది, దాని కాపలాదారు ఇంట్లో పడుకోండి అన్నారు. ఏడుపొచ్చినా ఎక్కింది. కాపలాదారూ, ఆయన భార్యా మంచివాళ్ళు. రెండో రోజుకే ఆయన్ని బాబాయ్ అని పిలవడం మొదలుపెట్టింది.

ఆ సాయంత్రం ట్యాంకు పక్క రాళ్ళలోంచి ఒక అరుపు వినిపించింది. నూనె వెయ్యని తలుపు తీస్తున్నట్టు, ఒక్కటే పొడుగాటి కిర్రు. కింద గెస్ట్‌హౌస్ దగ్గర కప్పలు అలా అరవవు. టకటకా టకటకా అంటాయి.

"ఇది వేరే కప్ప కదూ బాబాయ్," అంది.

"కింద కప్ప వేరు, పై కప్ప వేరు," అన్నాడాయన. "కింద దానికి తొందరెక్కువ. ఇది నిమ్మళం. ఇక్కడ చిన్నపిల్లల్ని అడిగినా చెబుతారు."

శాస్త్రం మాత్రం చెప్పలేదు. నూరేళ్ళ కింద ఎవరో ఆ కొండ కప్పలన్నిటికీ కలిపి ఒకే పేరు పెట్టి వెళ్ళారు. సీసాలమ్మ మూడు వానాకాలాలు సొంత సెలవు పెట్టి కొండెక్కింది. పై కప్పల్ని ముప్పయ్యొక్కటి పట్టింది. వెర్నియరు కొలబద్ద పెట్టి ఒక్కొక్కటే కొలిచింది. అరుపులు టేపు రికార్డరులో ఎక్కించింది. చివరికి తేడా కంటికి కనిపించేది ఒకటి దొరికింది. వెనక కాలి నాలుగో వేలు చూడాలి. కింద కప్పకి వేళ్ళ మధ్య పొర ఆ వేలి చివరిదాకా ఉంటుంది. పై కప్పకి సగంలోనే ఆగిపోతుంది. నోట్‌బుక్ నిండా రాసుకుని, జుట్టు దువ్వుకుని, ఇదే డైరెక్టరు గదికి వెళ్ళింది.

ఆయన రెండు పేజీలు తిప్పాడు. "స్పిరిటులో ఊరితే పొరలు ముడుచుకుపోతాయమ్మా. మీరు కొత్తగా కనిపెట్టిందేం లేదు. పైనా కిందా అంతా ఒకటే కప్ప. మీరు సీసాలు చూసుకోండి. సరే, నోట్‌బుక్ ఇక్కడ పెట్టి వెళ్ళండి, తీరిగ్గా చూస్తాను."

ఆయనకి తీరిక దొరకడానికి పదకొండేళ్ళు పట్టింది.

స్పిరిటు డబ్బా గదిలో పెట్టి, చేతులు కడుక్కుని, ఆమె ఆ మధ్యాహ్నం మళ్ళీ అదే గదికి వెళ్ళింది. డైరెక్టరు ఫోనులో ఎవరి అభినందనలో అందుకుంటున్నాడు. కూర్చోమని చెయ్యి ఊపాడు. ఆమె కూర్చోలేదు.

"ఆ పట్టిక నాది సార్," అంది ఆయన ఫోను పెట్టగానే.

"ఏ పట్టిక?"

"మూడో పేజీలోది. ముప్పయ్యొక్క కప్పలు. నా నోట్‌బుక్‌లోవి."

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "చూడమ్మా, మనమంతా ఒక కుటుంబం. ఇది సంస్థ పని. సంస్థ కప్పలు, సంస్థ కొలతలు. సిబ్బందికి కృతజ్ఞతలు చెప్పాను కదా. అందులో మీరు లేరా?"

"వంటమనిషిని విడిగా చెప్పారు సార్."

"అది మర్యాద కోసం." ఆయన మళ్ళీ కళ్ళజోడు పెట్టుకున్నాడు. "వచ్చేసారి చూద్దాం. ఆ, అన్నట్టు, అసలు నమూనాకి ఎర్ర చీటీ కట్టెయ్యండి. నంబరు వ్యాసంలోనే ఉంది."

అరికాలి మంట నెత్తికెక్కింది. అయినా ఇరవైనాలుగేళ్ళ అలవాటు గెలిచింది. సరే సార్ అనేసి బయటికొచ్చింది. సరే సార్ అన్నందుకు ఆయన మీదకన్నా తన మీదే ఎక్కువ ఒళ్ళు మండింది. ఆ రోజు ఇంట్లో గిన్నెలు చేసిన చప్పుడుకి, వీధి గదిలో టీవీ చూస్తున్న అత్తగారు శబ్దం తగ్గించి ఇటు చూసింది. ఆవిడ ముప్పయ్యెనిమిదేళ్ళు ఆసుపత్రిలో పురుళ్ళ వార్డు నర్సుగా చేసిన మనిషి. అవతలివాళ్ళు చెప్పేదాకా ఆగడం తెలుసు.

ఎర్ర చీటీ సంగతి ఇక్కడ కాస్త చెప్పుకోవాలి. కొత్త జాతికి పేరు పెట్టేటప్పుడు ఒక్క కప్పను ఎంచుకుని, ఆ పేరు దీనిదీ అని వ్యాసంలో రాస్తారు. అదే అసలు నమూనా. దాని కాలికి ఎర్ర చీటీ కడతారు. తర్వాత ఎన్ని తగువులొచ్చినా ఆ చీటీ ఉన్న ఒంటినే చూస్తారు. పెట్టినవాడి మనసులో ఏ కప్ప ఉందన్నది ఎవరికీ అక్కర్లేదు. పేరు ఆ ఒంటితోనే పోతుంది.

మర్నాడు సీసాలమ్మ వ్యాసంలోని నంబరు చూసుకుని సీసా దించింది. ఫోర్సెప్స్‌తో కప్పను ట్రేలోకి తీసింది. దారం కట్టడానికి వెనక కాలు పట్టుకుంది. పట్టుకున్న చెయ్యి అలాగే ఆగింది. నాలుగో వేలు చివరిదాకా పొర ఉంది.

అది కింద కప్ప.

రిజిస్టరు తెరిచింది. ఆ నంబరు ఎదురుగా తన చేతిరాతే ఉంది. పట్టినవారు: డ్రైవరు. దొరికిన చోటు: గెస్ట్‌హౌస్ బాత్‌రూమ్ గోడ.

ఏం జరిగిందో ఆమెకి అర్థమైంది. ఆమె సెలవులో ఉన్న రోజెప్పుడో డైరెక్టరు ఈ గదిలోకొచ్చాడు. రెండు రకాలూ ఒకటే అని ఆయనే అన్నాడు కాబట్టి రెండు సీసాలూ ఒకే అరలో పక్కపక్కన ఉన్నాయి. ఫొటోకి బాగుంటుందని నిగనిగలాడేదాన్ని ఏరుకుని నంబరు రాసుకుపోయాడు. కొలతలు పై కప్పవి, పరీక్షకి పంపిన డీఎన్ఏ పై కప్పది, ఒళ్ళు మాత్రం కింద కప్పది. కింద కప్పకి నూరేళ్ళ నుంచీ ఒక పేరు ఉంది. అంటే భార్య పేరు కట్టింది కొత్త కప్పకి కాదు, పాత కప్పకే. పై కప్పకి ఇప్పటికీ పేరు లేదు.

మొదట నవ్వొచ్చింది. గదిలో ఒక్కతే పైట అడ్డం పెట్టుకుని నవ్వింది. నవ్వు అయిపోయాక కోపం రెట్టింపై కూర్చుంది. తొమ్మిది పేజీలు రాసినవాడు ఒక్కసారి కాలివేళ్ళు చూడలేదు. చూడాలని అనుకోనూ లేదు.

వెంటనే ఆయనకి చెప్పాల్సింది. అది ఆమె ఉద్యోగం. చెప్పలేదు. ఎర్ర చీటీ కట్టమన్నారు, కట్టింది. రెండు వారాలు గప్‌చుప్‌గా ఉంది. తను చేస్తున్నది తప్పని తెలుసు. తెలిసినా, ఆ మెట్లెక్కి ఆయన ముందు మళ్ళీ నిలబడాలంటే మనసొప్పలేదు.

మూడో వారం ఇంకో మ్యూజియం నుంచి డైరెక్టరుకి ఉత్తరం వచ్చింది. కప్పల మీద పనిచేసే ఒక పరిశోధకురాలు రాసింది. ఫొటోలో కాలివేళ్ళు వ్యాసంలో రాసినట్టు లేవు, అసలు నమూనా వెనక పాదాల ఫొటోలు దగ్గరగా తీసి పంపగలరా అని. ఉత్తరం నకలు ఒకటి, మామూలు పద్ధతి ప్రకారం, నమూనాల గదికి కూడా వచ్చింది.

ఆ రోజు పదకొండింటికి డైరెక్టరు తనంతట తాను నమూనాల గదికి వచ్చాడు. ఆమె ఉండగా ఆయన ఆ గడప తొక్కి ఏళ్ళయింది. స్పిరిటు వాసనకి ముక్కు చిట్లించాడు. తలుపు దగ్గరగా వేశాడు.

"ఆ సీసా ఇటివ్వండి," అన్నాడు. కప్పను చూశాడు. భూతద్దంలో చూశాడు. ముఖం పాలిపోయింది. "మీకు తెలుసా ఇది?"

"చీటీ కట్టిన రోజే తెలుసు సార్."

"మరి చెప్పరేం?"

"చెప్పాల్సింది. చెప్పలేదు. అది నా తప్పే."

ఆయన ఆ తప్పుని పట్టుకుంటాడనుకుంది. పట్టుకోలేదు. గొంతు తగ్గించి, కుర్చీ లాక్కుని దగ్గరగా కూర్చున్నాడు. "సరే, అయిందేదో అయింది. ఈ చీటీ విప్పండి. నంబరు బిళ్ళ కూడా. పక్క సీసాలోంచి ఒకటి తీసి దానికి కట్టండి. చిన్న దారం ముడి. రిజిస్టరులో ఆ ఒక్క వరస నేను చూసుకుంటాను."

"దేనికి కట్టమంటారు సార్?"

"అదే, పై కప్పకి."

పదకొండేళ్ళలో ఆయన నోట పై కప్ప అన్న మాట రావడం అదే మొదటిసారి. సీసాలమ్మ చేతిలోని ఫోర్సెప్స్ ట్రేలో పెట్టేసింది.

"ఇంకోసారి అనండి సార్."

"ఏమిటి?"

"పై కప్ప ఉందని. పైనా కిందా ఒకటేనన్నారు కదా. నా నోట్‌బుక్ పక్కన పడేసి, సీసాలు చూసుకోమన్నారు కదా. మూడు వానాకాలాలు జలగలు పీక్కుంటూ ఎక్కాను. నాకు గది లేదన్నందుకు ఎక్కాను. లేకపోతే ఆ అరుపు ఎవరికీ వినపడేదే కాదు. అదంతా మీ వ్యాసంలో ఎక్కడుంది?"

"గొంతు తగ్గించండి."

"ఇన్నాళ్ళూ తగ్గించే మాట్లాడాను."

ఆయన లేచాడు. తర్వాతి వ్యాసంలో ఆమె పేరు రెండోదిగా వేస్తానన్నాడు. హోదా పెంచమని పైకి రాస్తానన్నాడు. ఆమె తల అడ్డంగా ఊపుతూనే ఉంది.

"ఈ గదిలో పదకొండు వేల సీసాలున్నాయి సార్. ఇవాళ ఒక్క చీటీ మారిస్తే రేపు ఏ చీటీ నిజమో నాకే తెలియదు. నేను మార్చను. మీరు మార్చినా ఊరుకోను."

"తాళం నా దగ్గర కూడా ఉంది," అన్నాడాయన తలుపు తీస్తూ. "సాయంత్రం వరకూ ఆలోచించుకోండి."

ఆమె ఆలోచించుకోలేదు. ఆయన అడుగుల చప్పుడు మెట్ల దాకా వెళ్ళగానే కెమెరా తీసింది. ఎర్ర చీటీ, నంబరు బిళ్ళ, రెండు పాదాలు, ఒక్కో వేలు, పక్కన కొలబద్ద, ఆ రోజు దినపత్రిక తేదీ కనిపించేలా. రిజిస్టరు పేజీ కూడా, బాత్‌రూమ్ గోడతో సహా. నలభైరెండు ఫొటోలు. అడిగినామెకే పంపింది. నకలు ఒకటి డైరెక్టరుకి కూడా పంపింది, చాటుగా చేసిందని రేపు ఎవరూ అనకుండా. పన్నెండున్నరకల్లా పని అయిపోయింది. అప్పుడు కూర్చుని, తెచ్చుకున్న అన్నం తినబోయింది. క్యారియరు మూత తీసి, మళ్ళీ పెట్టేసింది.

ఇంటికెళ్ళి అత్తగారి పక్కన కూలబడి అంతా చెప్పింది. ఆవిడ టీవీ ఆపేసింది.

"మా వార్డులో పుట్టగానే బిడ్డ చేతికి చీటీ కట్టేదాన్ని," అంది అత్తగారు. "ఒకసారి పెద్ద డాక్టరమ్మ చీటీలు తారుమారయ్యాయని తెలిసి, గుట్టుగా మార్చెయ్యమంది. నేను ఇద్దరు తల్లుల్నీ పిలిచి, వాళ్ళ ముందే విప్పి కట్టాను. నన్ను ఆర్నెల్లు బట్టలుతికే విభాగంలో వేశారు."

"ఆర్నెల్లేనా అత్తయ్యా?"

"కోపం మాత్రం ఇప్పటికీ పోలేదు," అంది ఆవిడ. "పోనివ్వకు. తిండి మాత్రం తిను."

పదో రోజున దెబ్బ సీసాలమ్మ ఉద్యోగం మీద పడింది. పాలనా అవసరాల దృష్ట్యా ఆమెను టికెట్ కౌంటరుకి మార్చారు. గది తాళాలు గుమస్తాకి ఇచ్చి సంతకం తీసుకున్నారు. గుమస్తా ఆమె కళ్ళలోకి చూడలేకపోయాడు. "స్పిరిటు నెలకోసారైనా చూడు. మూడో అరలో మూతలు వదులు," అని మాత్రం చెప్పింది.

ఫొటోలు అందుకున్న పరిశోధకురాలు అక్కడితో ఆగలేదు. ఆమే, సీసాలమ్మా కలిసి రెండు పేజీల వ్యాసం రాశారు. ఆ పేరు కట్టిన ఒళ్ళు పాత జాతిదే కాబట్టి కొత్త పేరు చెల్లదు, పాత పేరే నిలుస్తుంది. అంతే రాశారు. కొలతల దొంగతనం గురించి కూడా రాద్దామంది ఆ అమ్మాయి. వ్యాసం వేస్తున్న పత్రిక సంపాదకుడు మాత్రం అది శాస్త్రం కాదు, వ్యక్తిగతం అని ఉత్తరం రాశాడు. సీసాలమ్మ ఆ ఉత్తరాన్ని నాలుగు ముక్కలు చేసి, మళ్ళీ ఏరి, టేపు వేసి దాచుకుంది. డైరెక్టరుకి ఏమీ కాలేదు. చిన్న సాంకేతిక పొరపాటని అందరికీ చెప్పుకున్నాడు, అందరూ తలలూపారు.

వానలు పడగానే ఆమె మళ్ళీ కొండెక్కింది, సొంత సెలవు మీద. బాబాయ్ ముసలివాడయ్యాడు గానీ రాళ్ళ మధ్య నడక మారలేదు. మూడో సాయంత్రానికి నిండుగా ఎదిగిన మగ కప్ప ఒకటి దొరికింది. గుడ్డ సంచీలో అది కదులుతుంటే ఆమె గిన్నెలో మత్తు నీళ్ళు కలిపింది.

"దీన్ని చంపితేగానీ పేరు రాదా అమ్మాయ్?" అన్నాడు బాబాయ్.

"రాదు బాబాయ్."

"పేరు లేక ఇన్నాళ్ళూ దీనికేం తక్కువైంది?"

ఆమెకి ఆయన మీద కూడా కోపమొచ్చింది. "లెక్కలో లేనిది రేపు పోయినా ఎవరికీ తెలియదు," అంది గట్టిగా. అన్నాక గిన్నెలోకి చూసింది. కప్ప కాసేపు ఈది, చేతులు చాచి నిలిచిపోయింది. చీటీ తనే కట్టింది. ముడి మూడుసార్లు వేసింది.

ఆ కప్పను తన మ్యూజియంలో పెట్టలేదు. రెండో తాళం ఎవరి దగ్గరుందో తెలుసు కాబట్టి, ఆ పరిశోధకురాలి మ్యూజియానికి పంపింది. ఎవరి పేరు పెడదామని ఆ అమ్మాయి అడిగింది. బాబాయ్ పేరా, మీ పేరా అని. మనుషుల పేరు ఏదీ వద్దంది సీసాలమ్మ. దాని అరుపు గుర్తుగా, తలుపు బందుకి లాటిన్‌లో ఏదో మాట ఉందట, అది పెట్టారు. వ్యాసం మీద మొదటి పేరు సీసాలమ్మది, జీతాల రిజిస్టరులో ఉన్నట్టు, పూర్తిగా.

అది అచ్చయిన నెలకి ఒక మధ్యాహ్నం టికెట్ కౌంటరు దగ్గరికి ఒకావిడ వచ్చింది. జరీ లేని మంచి చీర, చేతిలో మడత గొడుగు. ఒక టికెట్ తీసుకుంది. కదల్లేదు.

"నేను డైరెక్టరుగారి భార్యని," అంది. "మీరే కదూ."

"అవునండీ."

"తగాదాకి రాలేదమ్మా. నా పేరున్న కప్పను ఒకసారి చూద్దామని వచ్చాను. ముందు ఫోను చేస్తే గుమస్తా అలాంటిదేమీ లేదన్నాడు."

"ఆ పేరు చెల్లదండీ ఇప్పుడు."

"అది విన్నాను. మంచిదే. నాకు కప్పలంటే చచ్చే భయం. ముప్పయ్యేళ్ళ కాపురంలో ఆయనకి ఆ ముక్క తెలియదు." ఆవిడ గొడుగు చేతులు మార్చుకుంది. "మరి చెల్లని పేరు ఏమవుతుంది? కొట్టేస్తారా?"

"కొట్టెయ్యరండీ. పాత పేరు కింద చిన్న అక్షరాల్లో రాస్తారు. ఫలానా ఏడు, ఫలానావారు పొరపాటున పెట్టిన పేరు అని. ఎవరు ఆ కప్ప గురించి రాసినా అది కూడా రాయాల్సిందే."

"ఎన్నాళ్ళు?"

"ఎప్పటికీనండీ."

ఆవిడ తల వంచి టికెట్‌ని మడిచి, మళ్ళీ మడిచింది. తలెత్తినప్పుడు ఆ ముఖంలో ఉన్నది సీసాలమ్మకి బాగా తెలిసిన కోపమే.

"అంటే చేసిన తప్పు ఆయనది, ఎప్పటికీ ఉండేది నా పేరు."

సీసాలమ్మ టికెట్ల కట్ట పక్కకి జరిపింది.

"అది కాగితం మీద రాసివ్వండి," అంది ఆవిడ. "ఇప్పుడు చెప్పినట్టే. నేను నోటితో చెబితే, నీకేం తెలుసు అంటారాయన."

సీసాలమ్మ సొరుగులోంచి తెల్ల కాగితం తీసింది. వెనక వరసలో ఇద్దరు నిలబడ్డారు. ఒకాయన గడియారం చూసుకున్నాడు. ఆమె తొందరపడలేదు. చీటీల మీద రాసే గుండ్రటి చేతిరాతతో మొదటి వాక్యం మొదలుపెట్టింది.